నాలుగు నల్ల సంచులు

ఆ అల్మారా ఎంత కెలికినా లాభం లేదండీ. కోటు అందులో లేదు. మంచం కింద కూడా లేదు, ఎందుకలా వంగుతారు? నడుం పట్టేస్తే మళ్ళీ నేనే మర్దన చెయ్యాలి.

ఇస్త్రీకి ఇవ్వలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇలా కూర్చోండి, చెప్తాను.

పొద్దున అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చి నాలుగు నల్ల సంచులు పట్టుకెళ్ళాడు చూశారూ, వేదిక మీద అతిథులకి ఇవ్వడానికి? అవే. మీ కోటే.

అలా చూడకండి. నిన్న సాయంత్రం వాటిని లాగి చూసి, గుడ్డ గట్టిది, పదేళ్ళొస్తాయని మెచ్చుకుంది మీరేగా? ముప్పై ఏళ్ళలో నా పని మెచ్చుకోవడం అదే మొదలు. వీపు భాగంలో రెండొచ్చాయి, ముందు భాగాల్లో రెండు. చేతులు పట్టీలకి సరిపోయాయి. గుండీలు విప్పి డబ్బాలో వేశా. ఏదీ పారెయ్యకూడదంటారుగా మరి.

అవును, రిటైరైన రోజు వేసుకున్న కోటే. ఇవాళ బహుమతి అందుకునేటప్పుడు మళ్ళీ అదే వేసుకోవాలని నెల రోజుల్నించీ ముచ్చటపడుతున్నారు. తెలుసు. తెలిసే కత్తిరించా.

'చెత్త లేని ఇల్లు' అనట బహుమతి. ఆ ఇల్లు ఎవరు నడుపుతున్నారండీ? రిటైరయ్యాక మీకు పర్యావరణం మీద ప్రేమ పుట్టింది. పుట్టనీండి, కాదన్నానా? కాకపోతే పర్యావరణం మీది, పని నాది. పాల ప్యాకెట్లు కడిగి క్లిప్పులు పెట్టి ఆరేసేది నేను. బాల్కనీలో కూరగాయ తొక్కల డ్రమ్ము కలిపేది నేను. అందులో పురుగులు పడితే, మంచి పురుగులేనని దూరంగా నిలబడి చెప్పేది మీరు. బట్టలుతికిన నీళ్ళు బాత్రూముకి మోసి మోసి నా మణికట్టు వాచింది. మీరేమో మెట్ల దగ్గర నిలబడి, ప్లాస్టిక్ కవరుతో వచ్చిన ప్రతివాళ్ళకీ క్లాసు పీకారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? సంచీ మాస్టారని పేరు కూడా వచ్చింది.

అదంతా ఓర్చుకున్నా. దుప్పటి ఒక్కటే ఓర్చుకోలేకపోయా.

చూపు పోతున్న రోజుల్లో కూడా మా అమ్మ చేత్తో తడుముకుంటూ దాని అంచుకి పూలు కుట్టింది. ఒక పువ్వుకి మూడే రేకులు, పక్కదానికి ఏడు. అమ్మ పోయాక నేను దాన్ని ఉతకలేదు. ట్రంకుపెట్టె అడుగున దాచుకుని, ఎప్పుడైనా మూత తీసి అందులో మొహం పెట్టుకునేదాన్ని. అమ్మ వాసన అందులోనే మిగిలింది.

మీరు దాన్ని కత్తిరించి, కింద దర్జీ చేత పదకొండు సంచులు కుట్టించి, ఉతికించి మరీ పంచిపెట్టారు. లిఫ్టులో మూడో అంతస్తు నర్సు చేతిలో చూశా నేను. మూడు రేకుల పువ్వు, దాని మీద ఉల్లిపొట్టు. మాస్టారిచ్చారాంటీ, ఎంత బావుందో అంది. నవ్వాను. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చా. నీళ్ళు వృథా చేశానని రాసుకోండి.

తర్వాత మీరు ఇల్లిల్లూ తిరిగి ఆరు వెనక్కి తెచ్చారు. అడక్కుండా తీశాను, తప్పయిపోయిందని నలభై రోజులుగా బతిమాలుతూనే ఉన్నారు. నేను కంచం పెట్టి అవతలికి పోయేదాన్ని. మీరు తలొంచుకుని తినేవారు. నాకది హాయిగా ఉండేది, అబద్ధమెందుకు?

కోటు మీద కత్తెర పడ్డప్పుడు ఇంకా హాయిగా ఉంది.

ఏంటీ? పోతే పోయిందా? నీకు చేసినదానికి ఇదేపాటి అంటారా?

అదిగో, అలా అనకండి. దానికే నాకు మండేది. కోప్పడండి, ఓ కేక వెయ్యండి. తలూపకండి.

ఇందాక మీ జేబులో ప్రసంగం కాగితం చూశా. చివర్లో ఏం రాసుకున్నారు? మా ఆవిడ తల్లి జ్ఞాపకాన్ని అడక్కుండా కత్తిరించాను, అందరి ముందూ ఆమెకి క్షమాపణ చెప్తున్నాను అని. అది చదివి, ఆ నాలుగు సంచులూ వెనక్కి తెచ్చుకుందామని కిందికి పరిగెత్తా. సెక్రటరీ అప్పటికే వెళ్ళిపోయాడు.

వినండి. మీరు అడక్కుండా తియ్యలేదు.

అడిగారు. వంటింటి గుమ్మంలో నిలబడి, "సంచులకి పాత గుడ్డలేమైనా ఉన్నాయా?" అన్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, బాల్కనీలో డ్రమ్ము కంపు కొడుతోంది. నాకు విసుగొచ్చింది. వెనక్కి తిరక్కుండానే, "ట్రంకుపెట్టె అడుగున ఏముంటే అది తీసుకోండి, నన్ను చంపకండి" అన్నా. అడుగున ఉన్నది అమ్మ దుప్పటేనని ఆ విసుగులో తట్టనేలేదు. కత్తెర కూడా నేనే అందించా.

కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీరు. ఆ మాట మీకేం గుర్తుంటుంది? అడక్కుండా తీశారని నేను అరిస్తే, నిజమే కాబోలనుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా. నామీద నాకున్న కోపం కూడా మీమీదే తీర్చుకున్నా.

కారొచ్చినట్టుంది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టా, అది వేసుకోండి. ఇదుగో పెన్ను. కాగితంలో ఆ ఒక్క లైనూ కొట్టెయ్యండి. మిగతాదంతా చదవండి, ఆ నీళ్ళూ డ్రమ్మూ అంతా మీరే మోశారని చెప్పుకోండి, నాకు బాధ లేదు.