నలభై ఒక్క పాయింట్లు

హలో… ఆ, నేనే, లైల్‌ని. ఎవరూ?… వెర్నా? డెల్బర్ట్ వాళ్ల వెర్నావా?…

గొంతు గుర్తుపట్టలేదు. ఈ ఫోన్ మోగేదే తక్కువ. మోగితే మందుల షాపు వాళ్లే —

మోకాలా? ఉంది, నాతోపాటే. మా ఓపల్ పోయాక ఇంట్లో ఒక్కణ్ణే, వంటా నాదే. నిన్నటి బీన్స్ ఇవాళ, ఇవాళ్టివి రేపు… నవ్వకు, నిజమే.

ఊఁ, పేపర్లో చూశా. శనివారం కాలేజీ బాస్కెట్‌బాల్ జిమ్ములో, గౌరవంగా మీ ఆయన చొక్కా పైకప్పుకి కడుతున్నారట. ముప్పై మూడు. ఇక ఆ నంబరు ఎవరికీ ఇవ్వరట. ఒక్క ఆటలో నలభై ఒక్క పాయింట్లు, ఇప్పటికీ దాటినవాడు లేడట…

నేనా? మాట్లాడాలా?… ఆ టీములో మిగిలింది నేనొక్కణ్ణేనని నాకు తెలీదా. వద్దులే వెర్నా. మంచు, రోడ్లు —

కాదు. మంచు సంగతి కాదు… చెప్తే పోయిన మనిషి మీద నింద వేసినట్టుంటుంది…

సరే, విను. పంతొమ్మిదొందల యాభై మూడు, ఫిబ్రవరి. మిల్‌బర్న్ వెళ్లి ఆడామే, ఆ ఆట. మొదట్లోనే ఎవడిదో మోచెయ్యి తగిలి నా ముక్కు పగిలింది. చొక్కా నిండా రక్తం, వేరే చొక్కా లేదు. డెల్బర్ట్ మడమ బెణికి బెంచీ మీదున్నాడు. వాడిది విప్పించి నాకు తొడిగాడు కోచ్. నంబరు మారిందని స్కోరు బల్ల దగ్గర చెప్పాలి. మర్చిపోయాడు మహానుభావుడు…

ఆ. ఆ నలభై ఒకటీ నావే. పేరు వాడిది. సొమ్మొకడిది సోకొకడిది…

తప్పుగా అనుకోకు వెర్నా…

ఏంటీ? నీకు తెలుసా?…

అవునులే, స్కోరు పుస్తకం రాసింది నువ్వేగా. నంబరే చూశావనుకున్నా ఇన్నేళ్లూ…

మొహమూ చూశావా. చూసి కూడా ముప్పై మూడనే —

సరే, రూలు. నంబరు ప్రకారమే రాయాలి. మర్నాడు దిద్దొచ్చుగా?…

ఊఁ. పేపర్లో వాడి ఫోటో వచ్చేసింది. వాళ్ల నాన్న కత్తిరించి కొట్లో గోడకి అంటించాడు. నువ్వేమో వాడి ఉంగరం పెట్టుకున్నదానివి…

లేదు, వాణ్ణి అనను. మర్నాడే నా గదికొచ్చాడు. చెప్పేద్దాం లైల్ అన్నాడు. నేనే, పోనీలేరా, ఇంకా రెండేళ్లుంది, అన్ని ఆటల్లో కలిపి వెయ్యి పాయింట్లు నేనెలాగూ కొడతా అన్నా. కొవ్వు. ఆఖరి ఏడు మోకాలు పోయింది. తొమ్మిది వందల డెబ్బై దగ్గర ఆగిపోయా…

ముప్పై తక్కువ. ఆ నలభై ఒకటీ నా పేరు మీదుంటే దాటేవాణ్ణి. వెయ్యి కొట్టినవాళ్ల పేర్లు చెక్కిన పలకుందిగా హాల్లో, దాని పక్కనుంచి నడిచేవాణ్ణి కాదు. అటు చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి…

ఓపల్‌కి చెప్పా. నమ్మింది పాపం. నమ్మడం వేరు, చూడటం వేరు కదా. చూసినవాళ్లు ఒక్కొక్కళ్లే పోయారు వెర్నా. ప్రతి చావుకీ వెళ్లి, ఇంకో సాక్షి పోయాడనుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. సిగ్గుచేటు…

శనివారమా? స్టేజి మీద చెప్తావా?…

వద్దు. మీ మనవరాలు వాళ్ల స్కూల్లో తాత నంబరే, ముప్పై మూడు, వేసుకుని ఆడుతోందటగా, ఆ పిల్ల మొహం ఏం కాను. వద్దు. నాకొక్కటి చెయ్యి. ఆ రోజు నువ్వేం చూశావో చెప్పు. ఇప్పుడే, నాకు…

ఆ… కుడి మూల నుంచి…

ఆ, ఎడమ చేత్తో. ఇద్దరి మధ్య నుంచి…

అవును, పడ్డా. మీ స్కోరు బల్ల కాలు తగిలింది…

నువ్వు లేచి నిలబడ్డావా? పెన్సిల్ పడేసి?… నాకు తెలీదే…

ఏం లేదు. జలుబు…

సరే, వస్తా. వాడి గురించే మాట్లాడతా, మంచిగానే. వాడు మంచోడే. ఆ చొక్కా పైకి లాగేటప్పుడు మాత్రం అటు చూడకు వెర్నా. నన్ను చూడు…

ఆ… ఉంటా మరి.