మోరి గాసన్న కల్లు ముట్టనేదు

"నానమ్మా, రేపు టూరిస్టు గెస్టుహౌసు దగ్గర, మోరి సన్నాయి ఊదుతున్న తాత విగ్రహం ఆవిష్కరిస్తారు కదా. దాని కింద బోర్డులో రాసినట్టు కల్లు మత్తులోనే లోయలో పడిపోయాడా? చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తున్నాను."

ఓలమ్మో! ఆ బోర్డు ఎవుడు రాసినాడే? నా ముందుకి రమ్మను. కల్లు మత్తంట! మీ తాత కల్లు ముట్టీవోడు కాదే గుంటా. తాగితే పెదాలు వొదులైపోతాయి, మోరి పలకదు అనీవోడు. మా అయ్య జీలుగు కల్లు డొప్పలో పోసిస్తే పక్కనున్నోడికి తోసీసీవోడు. మా అయ్యకి అదే కోపం, తాగనోడికి పిల్లనెలగ ఇచ్చీసినాన్రా అని.

ఏటడిగినావు? ఆఁ, సావు. ఉండు, సెప్తాను. మోరి గాసన్నంటే అనంతగిరి నుంచి పాడేరు దాకా తెలీనోడు నేడు. ఆయన మోరి ఊదితేనే గానీ ఆడోళ్ళు థింసా ఆటకి కాలు కదిపీవోళ్ళు కాదు. రేడియోలో కూడా ఊదినాడు. పెళ్ళికి పిలిస్తే పది రూపాయలు, కుంచెడు సామలు ఇచ్చీవోరు. ఆ రోజుల్లో పది రూపాయలంటే... సర్లే, అదొద్దు.

బోర్డులో ఏటుంది? పెళ్ళిలో మోరి ఊదీసి, తాగీసి, వొస్తా వొస్తా పడిపోనాడనే కదా? మరి ఆ రోజు మోరి మా ఇంట్లో గూటానికి ఏలాడతంది. మోరి నేకుండా ఏ పెళ్ళికెల్లినాడంట? ఒట్టి నోటితో ఊదీసినాడేటి? ఈ మాట పోలీసోలు అడిగినారా? అడగనేదు. ఊరి పెద్దలు సెప్పింది రాసీసుకుని, మా కోడి తినీసి ఎల్లిపోనారు.

పెద్దలెందుకు అలగ సెప్పినారంటావా? ఫోనాపీ. వొద్దులే, ఉండనీ. ఎన్నాళ్ళు దాస్తాను.

అప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. నాలుగో నెల... కాదు కాదు, ఐదో నెల. నోరంతా సప్పగా ఉండీది. లోయ అంచున మామిడి సెట్టు నిండా కాయలే. గానీ మామిడి కొత్త పండగ ఇంకా అవ్వనేదు. కొత్త కాయ ముందు కొండదేవతకి పెట్టాల, ఆ తరవాతే మనం కొరకాల. మనకాడ అది కదా కట్టు. ఆ పండక్కి మొదటి మోరి ఊదీది ఎవుడు? మీ తాతే! నాను ఊరుకున్నానా? "ఒక్క కాయ తెచ్చీ, ఎవుడు సూస్తాడు" అని మూడు రోజులు పీక మీద కూకున్నాను.

పాపం, ఊదడం తప్ప ఏటీ రాదు ఆయనకి. నానైతే బేగి ఎక్కీసీదాన్ని ఆ సెట్టు, కడుపుతో ఉండి ఎక్కనేకపోనాను. అందరూ పోడుకెల్లిపోనాక ఎక్కినాడు. కొమ్మతోటి సహా లోయలో పడిపోనాడు. తెచ్చి పడుకోబెడితే పంచె మడతలో మూడు కాయలు. ఒకటడిగితే మూడు కోసినాడే!

ఆ కాయలు సూసి పెద్దలు అదిరిపోనారు. మోరి ఊదీవోడే కట్టు తప్పినాడంటే పండగ ఆగిపోద్ది, నాలుగూళ్ళోళ్ళూ నవ్వుతారు. "తాగి పడ్డాడని సెప్పీద్దాం, అదైతే తప్పేటీ కాదు" అనుకున్నారు. నాను నోరిప్పనేదు. పంపించింది నానే కదే. ఇన్నేళ్ళూ తాగుబోతు పేరు ఆయన మోసినాడు, నాను మంచిదాన్నయిపోనాను. సిగ్గేస్తాదే తలుసుకుంటే.

ఇంకోటుంది. మీ నాన్నకీ తెలీదు. ఆ కాయలు పారీమని నాకే ఇచ్చినారు. రెండు పారీసినాను. ఒకటి... ఏడస్తానే తినీసినాను. ఉప్పు కూడా ఏసుకోనేదు. ఎంత పుల్లగుందో, ఇప్పటికీ తలిస్తే పళ్ళు జివ్వుమంటాయి.

నవ్వకే! రేపు స్టేజీ మీద మైకు నా సేతికివ్వమను. "నా మొగుడు తాగనేదు, నానడిగితే సెట్టెక్కినాడు" అని సెప్పీస్తాను. బోర్డు మార్సకపోతే దండెయ్యను. కట్టు తప్పినందుకు దేవతకి ఓ కోడి ఇచ్చీస్తాను, అదిగో, దాన్నే మేపతన్నాను.

సల్లగుండు తల్లీ. నీకూ అలాటి మొగుడే దొరకాల, ఒకటడిగితే మూడు తెచ్చీవోడు. కాకపోతే... సెట్టెక్కడం వొచ్చో నేదో ముందే అడిగీ.