మహిత చేతికి కట్టిన కట్టు

నా పేరు సుబ్బులమ్మ. భర్త పేరు చెంగయ్య, ఇప్పుడు లేడు. వయసు యాభై నాలుగేండ్లు. పుత్తూరు పక్కన పల్లెలో కాపురం. విరిగిన ఎముకలకు కట్టు కట్టడం నా వృత్తి. మా మామ దగ్గర నేర్చుకున్నాను. ఇరవై ఆరేండ్లుగా ఆడవాళ్ళకు, మగోళ్ళకు, పిల్లకాయలకు కడతా ఉండాను.

మేజిస్ట్రేటు గారు పోలీసులను బయటికి పంపించి, ఎవరైనా బెదిరించి పిలుచుకొచ్చినారా అని అడిగినారు. లేదు, నేనే వచ్చినాను. చెప్పేది నా మీదికే రావచ్చునని, చెప్పకపోయినా ఎవరూ బలవంతం చేయరని చెప్పినారు. అర్థమైంది. చెప్తాను.

2025 సెప్టెంబరు 13, శనివారం. సాయంత్రం నాలుగున్నరకు తెల్ల కారు ఒకటి మా ఇంటి ముందర ఆగింది. అప్పటికే అరుగు మీద ఆరుగురు కాచుకోని ఉండారు. కారులోంచి ఒక మగపిల్లోడు, ఇద్దరు ఆడపిల్లలు దిగినారు. పిల్లోడి పేరు బాలచంద్ర. తిరుపతి అవతల పెద్ద కాలేజీలో మూడో సంవత్సరం. ఆ కాలేజీలో సీటు రావాలంటే లక్షల మందిలో ముందు ఉండాలంట. ఆడపిల్లల్లో ఒకరు నౌరీన్. రెండో పాప మహిత. ఇద్దరూ మొదటి సంవత్సరం, ఒకే రూములో ఉంటారు. దెబ్బ తగిలింది మహితకు, ఎడమచేతికి.

బాలచంద్ర చెప్పినాడు. "స్కూటర్ మీంచి పడింది ఆంటీ. తొందరగా కట్టేయండి, మళ్ళీ వెళ్ళాలి మేము."

స్కూటర్ మీంచి పడినోళ్ళకు మోచేతులు, మోకాళ్ళు గీరుకోని ఉంటాయి. ఈ పాపకు ఒక్క గీరు లేదు. గుడ్డలు తడిసి నీళ్ళు కారతా ఉండాయి. చెంపల మీద వెండి మెరుపులు పూసుకోని ఉండాది. నేను చూసినాను. ఏమీ అడగలేదు.

మగపిల్లోణ్ణి బయట కూర్చోబెట్టి ఆడపిల్లలిద్దరినీ లోపలికి తీసుకుపోయినాను. మణికట్టుకు రెండు అంగుళాలు పైన రెండు ఎముకలూ విరిగినాయి. నేను తాకితే ఆ పాప నవ్వింది. విరిగిన చెయ్యి తాకితే ఎవరూ నవ్వరు. దగ్గరికి వంగినాక తెలిసింది, బాగా తాగి ఉండాది.

ఆ చేతి మీద నల్ల పెన్నుతో పెద్దగా "పాల పాకెట్" అని రాసి ఉండాది.

"ఏం పాపా ఇది?" అన్నాను.

"నా పేరు పెద్దమ్మా. ఈ పొద్దే పెట్టినారు."

"మీ అమ్మానాయన పెట్టిన పేరు లేదా?"

"అది మహిత. ఇది సీనియర్లు పెట్టింది. మా నాయన పాల వ్యాన్ తోలతాడు, అందుకని. అందరికీ పెట్టరు పెద్దమ్మా."

నూనె రాస్తే ఆ అక్షరాలు పోతాయన్నాను. పోనీకుండా రాయమని అడిగింది. ఫొటో తీసుకోవాలంట.

జరిగింది నాకు ఆ పాపే చెప్పింది. ఊరి బయట మామిడితోటలో గెస్ట్ హౌస్ ఉండాది. సీనియర్లు అది బాడుగకు తీసుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళలో తొమ్మిదిమందిని ఎంచి పిలిచినారు. తాగించినారు. తర్వాత మోటారు షెడ్డు పైకెక్కి కింద నీళ్ళ తొట్టిలోకి దూకమన్నారు. దూకితే వాళ్ళలో చేరినట్టు. ఈ పాప ఐదోది. తొట్టి గట్టుకు చెయ్యి కొట్టుకుంది.

"ఎందుకు దూకినావు తల్లీ?"

"రెండు నెలలుగా ఆడ ఒక్కదాన్నే అన్నం తింటా ఉండాను పెద్దమ్మా. మా ఊర్లో నేనే ఫస్టు. ఆడ అందరూ ఫస్టే. వాళ్ళు మాట్లాడుకునే ఊర్లు, హోటళ్ళు నాకు తెలీవు. నేను పోయి కూర్చుంటే పక్కనోళ్ళు లేచి పోతారు. ఈ పొద్దు వాళ్ళే పిలిచినారు."

ఆసుపత్రికి పొమ్మన్నాను. రెండుసార్లు చెప్పినాను. అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో రాసుకుంటారు, కాలేజీకి తెలుస్తాది, సీనియర్లను తీసేస్తారు, ఇంక నన్నెవరు కలుపుకుంటారు అని నా కొంగు పట్టుకుంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చినాను. నౌరీన్ గోడకు ఆనుకోని నిలబడి ఉండాది.

మా మామ నాకు నేర్పిన మొదటి మాట, తాగినోళ్ళకు కట్టు కట్టొద్దని. ఎంత బిగువుగా ఉండాదో వాళ్ళకు తెలీదు. మత్తు దిగేదాకా పడుకోబెట్టి తర్వాత కట్టాల. తాగొచ్చిన మగోళ్ళను ఎంతోమందిని తిప్పి పంపినాను. ఈ పాపను పంపలేదు. ఏడస్తా ఉండాదని, బయట జనం కాచుకోని ఉండారని, ఆ పిల్లోడు వాకిట్లో నిలబడి "అయిందా ఆంటీ" అని అడగతా ఉండాడని. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టినాను. నేనే కట్టినాను. ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

పంపేటప్పుడు బాలచంద్రకు చెప్పినాను. "రేపు తొమ్మిదికల్లా పాపను తీసుకురావాల నాయనా. ఈలోపల వేళ్ళు ఉబ్బినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా నా కోసం చూడొద్దండి. కత్తెర పెట్టి గుడ్డ కోసేసి ఆసుపత్రికి పోండి."

"ష్యూర్ ఆంటీ" అన్నాడు. ఫోన్ చూసుకుంటా అన్నాడు.

ఆ మాట పాపకు చెప్పలేదు. మత్తులో నిలవదనుకున్నాను. నౌరీన్ పాపను కారెక్కిస్తా ఉండాది. చెప్పింది ఆ పిల్లోడికొక్కడికే.

ఆదివారం తొమ్మిదికి రాలేదు. పంపేటప్పుడు ఆ పిల్లోడి నెంబరు తీసుకోనుంటిని, పది ఇరవైకి దానికి ఫోన్ చేసినాను. "బాగుంది ఆంటీ, పడుకోనుంది" అన్నాడు. పక్కన ఎవరో నవ్వతా ఉండారు. వేళ్ళు చూసినావా అని అడిగినాను. చూశానన్నాడు. ఆ పిల్లోడు మగపిల్లల హాస్టల్లో ఉంటాడు, పాప ఆడపిల్లల హాస్టల్లో ఉంటాది. యాడ చూసినాడు? ఆ మాట నాకు పడుకున్నాక తట్టింది. నిద్ర పట్టలేదు.

సోమవారం ఎనిమిదికి చేస్తే తీయలేదు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. తొమ్మిదీ పదికి బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, పదకొండు ముక్కాలుకు కాలేజీ గేటు దగ్గర దిగినాను. సెక్యూరిటీ అతను ఎవరు నువ్వని అడిగినాడు. మహితకు పెద్దమ్మనని చెప్పినాను. కట్టు కట్టినదాన్ని అంటే ఎందుకు కట్టినావు అంటాడు, అప్పుడు అంతా చెప్పాల. ఎవరికీ చెప్పనని ఆ పాపకు మాటిచ్చి ఉండాను. హాస్టలుకు ఫోన్ చేసి కూర్చోమన్నాడు. నలభై నిమిషాలు కూర్చున్నాను. ఒక్క మాట చెప్పుంటే ఆడికి డాక్టరు వచ్చుండేవాడు. చెప్పలేదు. ఆ నలభై నిమిషాలు కూడా రాసుకోండి.

నౌరీన్ వచ్చింది. నన్ను చూడంగానే ఏడ్చేసింది. "వేళ్ళు నల్లగా అయిపోయాయి పెద్దమ్మా. నిన్నటి నుంచి తనకు స్పర్శ లేదు. వార్డెనుకు చెప్తానంటే నా కాళ్ళు పట్టుకుంది. బాలచంద్ర మాత్రలు పంపించి, ఇలాగే ఉంటుందిలే అన్నాడు."

రూములోకి పోయినాను. చేతిని రెండు దిండ్ల మీద పెట్టుకోని పడుకోనుండాది. ఒళ్ళు కాలిపోతా ఉండాది. కట్టు గుడ్డ మీద తెల్ల జాగా లేదు. అంతా పేర్లు, హృదయం బొమ్మలు, వెల్‌కమ్ అని రాతలు. కట్టు కట్టించుకోని మళ్ళీ తోటకు పోతే అందరూ సంతకాలు పెట్టినారంట. నన్ను చూసి ఆ పాప "పెద్దమ్మా, కోస్తే పేర్ల మీద కోయొద్దు" అన్నది.

కోసినాను. వేళ్ళు చల్లగా ఉండాయి. బయట వసారాలో నిలబడి వార్డెనమ్మను గట్టిగా పిలిచినాను. అంబులెన్సు వచ్చింది. ఒకటిన్నరకు తిరుపతిలో ఆసుపత్రికి చేరినాము. డాక్టరు నన్ను తిట్టినాడు. తిట్టాల్సిందే. మంగళవారం పొద్దున మోచేతి కిందికి చెయ్యి తీసేసినారు.

వాళ్ళ నాయన మునస్వామి కుప్పం నుంచి పాల వ్యాన్ యూనిఫారంలోనే వచ్చినాడు. నేను ఎదురుపోయి, నేనే కట్టినాను నాయనా అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "కట్టేటప్పుడు పాప ఏడ్చిందామ్మా?" అని అడిగినాడు. నొప్పికి ఏడవలేదు, చెయ్యి తాకితే నవ్వింది అని చెప్పినాను. ఆయప్ప ఆడే గోడ పక్కన కింద కూర్చున్నాడు.

నేను కోసిన గుడ్డను ఎస్సై గారు చూపించినారు, గుర్తుపట్టినాను. దాని మీద పదకొండు పేర్లు ఉండాయి. మొదటి పేరు బాలచంద్ర. ఆ పాప ఎవరో తనకు సరిగ్గా తెలీదని, దోవలో పడుంటే సాయం చేసినానని ఆ పిల్లోడు చెప్పినాడంట. స్కూటర్ మీంచి పడినానని మహిత కూడా చెప్పింది. ఇప్పటికీ అదే చెప్తా ఉండాది. అందుకే నేను వచ్చినాను. నా తప్పుకు నన్నేం చేసినా సరే. నా తప్పు కింద వాళ్ళ తప్పు దాచొద్దండి.

మొన్న సోమవారం, 22వ తేదీ, మధ్యాహ్నం ఆసుపత్రికి పోయినాను. మునస్వామి భోజనానికి కిందికి పోయినాడు. నౌరీన్ పక్కన కూర్చోని అన్నం తినిపిస్తా ఉండాది. మహిత నా చెయ్యి పట్టుకోని, "పెద్దమ్మా, స్కూటరనే చెప్పు. వాళ్ళ చదువు పోతాది" అన్నది. నేను ఆ పాప దుప్పటి సర్దినాను.

కొంచేపటికి మళ్ళీ అడిగింది. "వాళ్ళు బయట ఉండారా? ఎక్కువమందిని లోపలికి పంపరంట కదా."

వసారాలో ఎవరూ లేరు. ఆసుపత్రిలో చేరిన ఎనిమిది రోజుల్లో ఒక్కరూ రాలేదని నౌరీన్ నాకు ముందే చెప్పింది. నౌరీన్ తల వంచుకుంది.

"ఉండారు తల్లీ" అన్నాను. "పదిమంది దాకా ఉండారు."

ఆ పాప నిద్రపోయింది.

అయ్యా, ఆ పాపకు చెప్పిన ఆ మాట అబద్ధం. ఈడ తమరికి చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. రాసింది నాకు చదివి వినిపించినారు. నేను చెప్పినట్టే ఉండాది, తీసేయాల్సింది ఏమీ లేదు.

(సంతకం) కె. సుబ్బులమ్మ
24-09-2025, పగలు 12.40