ఓడెక్కిన ఎముకల పొడి

ఫర్గల్‌ని మట్టిలో పెట్టి వచ్చాక ఊరంతా లోర్కన్ పబ్బులో చేరింది. బల్లల మీద హామ్ శాండ్‌విచ్‌లు, టీ, నల్ల బీరు గ్లాసులు. ఫర్గల్ భార్య డింప్నా కోటు గుండీలైనా విప్పకుండా పొయ్యి పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకుని, "పెద్ద కష్టం వచ్చిపడింది తల్లీ" అంటున్నారు. ఆమె తలూపుతోంది. ఎవరి మొహమూ కంటికి ఆనడం లేదు.

అప్పుడు లేచింది మలాకీ గొంతు. జీవితమంతా లారీ తోలినవాడు, ఫర్గల్‌కి చిన్ననాటి నేస్తం, నోరు తెరిస్తే కోతలు. ఇవాళ ఒక్కరోజైనా ఊరుకుంటాడనుకుంది డింప్నా.

"మా ఫర్గల్ ఎరువు సంగతి మీకేం తెలుసర్రా! పందుల ఎముకలు, కోళ్ల ఎముకలు ఉడికించి, ఆరబెట్టి, మిల్లాడించిన పొడి. దాన్ని దేశం దాటించడమంటే మాటలనుకున్నారా? ఆవులకి మతి చెడే జబ్బొచ్చినప్పట్నుంచీ ఒక్క గొడ్డెముక నలుసు కలిసినా ఓడెక్కనివ్వమని కూర్చున్నారు సర్కారు వాళ్లు. సంచి సంచికీ 'పశువులకు పెట్టరాదు' అని రాయాలి, పశువుల డాక్టరొచ్చి చూడాలి, కంటైనరుకి సీలెయ్యాలి. ఆ డాక్టరు నా లారీ దగ్గరికొచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, ఇంత శుభ్రమైన సరుకు నా సర్వీసులో చూళ్లేదయ్యా అని టోపీ తీసేశాడు!"

"టోపీ తీశాడా?" అన్నాడు లోర్కన్, గ్లాసు తుడుస్తూ.

"తీశాడు, లోపలంతా బట్టతల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొడి అంటిన చేత్తోనే నెత్తి గోక్కున్నాడు. మేం సీలు వేయించుకుని రోడ్డెక్కేసరికి జుట్టు మెడ దాకా దిగింది. పాపం, వాళ్లావిడ గుర్తుపట్టక తలుపు తియ్యలేదంట."

ఎవరో కిసుక్కుమన్నారు. డింప్నాకి ఒళ్లు మండింది.

"డబ్లిన్ రేవులో కంటైనరుతో పాటు నేనూ ఫర్గలూ కూడా ఓడెక్కేశాం. నడిసముద్రంలో ఓ సంచి చిరిగి పొడి డెక్కు మీద పడింది. చూస్తుండగానే డెక్కంతా చిగుళ్లు, మోకులకి పూలు, కెప్టెను కుర్చీకి ఆపిల్ కాయలు..."

"ఈ కాలపు ఓడలన్నీ ఇనపవి కదా బాబాయ్?" అంది శాండ్‌విచ్‌లు అందిస్తున్న పిల్ల.

"అదేగా నేను చెప్పేది! ఇనుమే చిగురించింది! అవతలి రేవుకి చేరేసరికి అది ఓడా? అడివి! లోపల కోకిల కూస్తోంది. అక్కడి అధికార్లు రూల్సన్నీ తిరగేసి, ఎరువుకైతే రూలుందిగానీ అడివికి లేదే అని తలలు పట్టుకున్నారు. ఈలోగా ఆ దేశం రాజు మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, మా ఫర్గల్ చెయ్యి పట్టుకుని, అయ్యా, మా ఎడారికో గుప్పెడు..."

"ఆపు మలాకీ."

డింప్నా గొంతు పెద్దదేం కాదు. అయినా అందరికీ వినపడింది.

"ఆయన జన్మలో ఓడెక్కలేదు. చెరువులో పడవెక్కితేనే కక్కుకునేవాడు. ఆ కంటైనరు రేవు గేటు దాటనే లేదు. శాంపిల్లో గొడ్డెముక నలుసు దొరికింది. పాత మిల్లు కొన్నాం, దాని పళ్ల సందున ఎప్పటిదో ఇరుక్కుని ఉంది. ఆ సాయంత్రమే నువ్వు వెనక్కి తోలుకొచ్చావు. సంచులన్నీ తగలబెట్టించారు. మిల్లు మూతపడింది. అప్పట్నుంచీ ఆయన రోజూ లేవగానే ఆ మిల్లు ఖాళీ షెడ్డు తలుపు తీసి, కాసేపు నిలబడి, మళ్లీ మూసి వచ్చేవాడు. దాని గురించి నాతో ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఇది నవ్వుకునే కథా మలాకీ?"

మలాకీ గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసు వదినా, తోలింది నేనేగా. దారంతా వాడు కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక, 'జనం అడిగితే ఏం చెబుతావురా' అన్నాడు. సరుకు ఓడెక్కిందని చెబుతానన్నా. 'ఎక్కి ఊరుకుందా?' అన్నాడు. లేదురా, నడిసముద్రంలో చిగురించిందన్నా. నవ్వాడు వదినా. ఎంత నవ్వాడంటే, లారీ పక్కకి తీసి ఆపాల్సొచ్చింది. కాసేపటికి అది నవ్వు కాకుండా పోయింది."

మొహం తుడుచుకున్నాడు.

"ఆ తర్వాత శనివారం వస్తే చాలు, ఆ మూల బల్ల దగ్గర కూర్చుని, 'ఇంకాస్త పోనియ్యరా ఓడని' అనేవాడు. అడివి వాడి మాటే. రాజుని తెచ్చిందీ వాడే. చివర మాత్రం నన్నెప్పుడూ చెప్పనిచ్చేవాడు కాదు, వాడే చెప్పుకునేవాడు, వారానికో రకంగా. ఇవాళ ఎలా ఆపాలో తెలీక లాక్కుంటూ పోయాను."

డింప్నా పొయ్యిలోకి చూస్తూ ఉండిపోయింది. శనివారాలు ఇంటికొచ్చాక ఆయన కడుపునిండా తినేవాడు, దుప్పటి కప్పుకుని వెంటనే నిద్రపోయేవాడు. బీరు మహిమ అనుకునేది తను. ఆ పక్క మీదే పడుకుని, ఆ తిండి తనే వండి పెట్టి, ఆ ఓడ ఒకటి ఉందని కూడా తెలుసుకోలేదు.

"ఆ ఓడలో నేనుండేదాన్నా?" అంది.

మలాకీ నోరు తెరిచాడు. అబద్ధమాడటం వాడికో లెక్కా. ఉన్నావంటాడని అందరూ ఎదురుచూశారు. ఉన్నావంటే బాగుండునని డింప్నా కూడా ఎదురుచూసింది.

"లేవు వదినా," అన్నాడు. "మేమిద్దరమే."

ఆమె తలూపింది. బల్ల పట్టుకుని లేచి నిలబడింది. లోర్కన్ గొడుగు తీసిచ్చాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రేపు భోజనానికి రా మలాకీ," అంది. "మొదట్నుంచీ చెబుదువుగాని. ఈసారి నన్నూ ఎక్కించు."