ఇంకొంచెం పెంచు చాచా

హేమ్లి అన్నింటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: మొగుడు జైరాంకు చెవులు వినబడటం లేదని నలుగురికీ తెలిసిపోతుందేమోనని. తెలిస్తే బొగ్గుబావిలో నౌకరీ ఉండదు, నౌకరీతో వచ్చిన క్వార్టరూ ఉండదు. ఎనభైలలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కొత్తగూడెం బజారులో జహూర్ రేడియో దుకాణం. బల్ల మీద రికార్డు ప్లేయరు, హేమ్లి చంకలో ఏడాది పిల్ల.

"ముల్లు మంచిగనే ఉన్నది బేటీ. మార్చే పని లేదు."

"లేదు చాచా, అరిగింది. పాట పీలగ వస్తుందని ఇంట్ల ఒకటే పోరు. ముల్లు మార్చి, పెద్ద స్పీకరొకటి పెట్టియ్యి. కొత్తది గాదు, ఎవరన్న వాడి ఇడిసిపెట్టిందైనా సరే. పైసలు తక్కువున్నయి."

"ఆగాగు. ముల్లున్న చెయ్యి మీద ఈ రూపాయి బిళ్ల ఎవరు అంటించిండ్రు?"

"ఆయనే. బరువు పెడితే సప్పుడు పెరుగుతదని."

"యా అల్లా! సప్పుడు పెరగదు, రికార్డు గీసుకపోతది. చూడు, సాళ్లు పడ్డయి. నీ మొగుడు పాట వింటుండా, పొలం దున్నుతుండా?"

"నవ్వకు చాచా."

"నవ్వక ఏం జెయ్యాలె? సరే, బిళ్ల తీసిన. ఇగో, ఇను."

"ఇంకొంచెం పెంచు."

"గింత చాలదా?"

"ఇంకా."

"అరె, పిల్ల జడుసుకున్నది చూడు!"

"ఊరుకో నా తల్లి, ఊరుకో, ఏం గాదు... గిది చాలదు చాచా ఆయనకు."

"చాలదా! సోడాబండాయన అక్కడికెళ్లి తల తిప్పి చూస్తుండు."

"పెండ్లిళ్ల మైకుసెట్టోళ్ల పాత ఆంప్లీఫయర్ ఉంటే దీనికి కలపొచ్చునట గద. అడగమన్నడు."

"రెండర్రల క్వార్టర్ల మైకుసెట్టా? పాట వింటడా, బరాత్ తీస్తడా?"

"పక్కింటి పుల్లమ్మత్త ఇప్పటికే గోడ గుద్దుతుంది."

"గుద్దితే తగ్గియ్యడా?"

"ఆయనకు..."

"ఆఁ, ఆయనకు?"

"నిద్రపడ్తది."

"గంత సప్పుడుల నిద్ర! సరే, ఆయన్నే తోలియ్యి. ఆయన చెవులతోని విని, ఏది నచ్చితే అది తీస్కపోతడు."

"వద్దొద్దు. డ్యూటీ ఉంటది."

"డ్యూటీ అయినంకనే రమ్మను."

"వద్దంటున్న గద చాచా!"

"కండ్లల్ల నీళ్లెందుకు బిడ్డా? కూసో, ఈ స్టూలు మీద కూసో. ప్లేయర్ల ఏ లోపం లేదు. అది నీకూ ఎరికే. లోపం ఆయన చెవులల్ల ఉన్నదా?"

"మెల్లగ! మెల్లగ మాట్లాడు. పక్క హోటల్ల ఛాయ్ తాగెటోళ్లందరు బొగ్గుబావిల పనిచేసెటోళ్లే."

"దవాఖానాల చూపియ్యలేదా?"

"చూపిస్తే అన్‌ఫిట్ అంటరు. అన్ననాడే క్వార్టరు ఖాళీ. తండాల మాకు గుంటెడు భూమి లేదు. ఈ పిల్లనెత్తుకొని యాడికి పోవాలె?"

"నేనెవ్వరికి చెప్ప. గింతదానికి ఏడుస్తరా? బొగ్గు తట్ట ఎత్తెటోనికి చెవులతోని ఏం పని?"

"ఆయన తట్ట ఎత్తడు."

"మరి?"

"బావిల పైకప్పు తట్టి చూస్తడు. బ్లాస్టింగ్ అయినంక అందరికంటె ముందు పోయి, కట్టెతోని పైకప్పు తట్టాలె. గట్టిగుంటే ఖంగుమంటది. వదులై కూలెటట్టుంటే డొల్లగ మోగుతది. ఆయన సరే అంటెనే మిగిలినోళ్లు దాని కిందికి పోతరు."

"సప్పుడు విని చెప్తడా?"

"అవ్. సప్పుడు వినే."

"మరి వినపడకపోతే?"

"చెయ్యి ఆనిచ్చి చూస్త, అదురు తెలుస్తది అంటడు. నేను నమ్మిన చాచా. మొన్న ఆయన ఎనుక నిలబడి రెండు డబ్బాలు తట్టిన. ఒకటి బియ్యం డబ్బా, ఒకటి ఉత్తది. ఏది ఉత్తదో చెప్పాలె అని ముందే చెప్పిన."

"ఏమన్నడు?"

"రెండు తట్టినంక కూడ, ఎప్పుడు కొడ్తవ్ అన్నడు."

"తౌబా... బిడ్డా, గిది దాచే ముచ్చట గాదు. పోయి మేనేజరుకు చెప్పు."

"చెప్తే మేం రోడ్డు మీద పడ్తం. చెప్పకపోతే... బావి గేటుదాక పోయిన చాచా. వాచ్‌మన్ ఏందమ్మా అంటే ఏం లేదన్న. ఎనుకకు మళ్లిన. మళ్ల పోయిన. నోరు రాలే."

"మరి నాకెందుకు చెప్పినవ్? రేడియోలు బాగు చేసెటోన్ని, నేనేం జేస్త?"

"మీ ఖమరున్నీసా మొగుడు... జానీ మియా..."

"మా అల్లుడా? ఆయనది వేరే గ్యాంగు గద?"

"ఇయ్యాల్టి సంది ఈయన గ్యాంగుల ఏసిండ్రు. పొద్దున ఇద్దరు కలిసే పోయిండ్రు చాచా. స్పీకరు వద్దు, ఏం వద్దు, దుకాణం నేను చూస్త. నువ్వు జల్దీ బావి కాడికి పో. జానీ మియా పైకొచ్చిండో లేదో ఒక్కసారి చూసి రా."