పేర్లు పడినాక పోయేవాణ్ణి

“తాతా, ఈ పద్యాల పుస్తకంలో కార్డొకటి ఉండాది. ఎవరు రాసినారు?” అంటావా అమ్మణ్ణీ? ఇట్లియ్యి, చినుగుతాది. అది నేను గురువుకిచ్చిన మాట తప్పినందుకు వచ్చిన కార్డు.

మా గురువుగారు ఛందస్సు చెప్పేముందు నాతో ప్రమాణం చేయించుకున్నారు: “నీ పద్యం స్వామికే చెందాల. నరుణ్ణి పొగడగూడదు.” ఆయన చేతిలో చెయ్యి వేసి ఒప్పుకుంటిని. చిత్తూరు హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి గదా, ఎంతమంది అడిగినారో! పెండ్లిండ్లకు, పదవీ విరమణ సభలకు... ఒక్కరికీ రాయలేదు.

అంత నిష్ఠ గలవాణ్ణి, ఒక సినిమా హీరో గొంతుకు దాసుణ్ణైపోతిని. పేరెందుకులే. నిండు గంట మోగినట్లుండేది ఆ వాక్కు. ఒక్కొక్క అక్షరాన్ని అభిషేకం చేసి వదిలినట్లు పలికేది. అయితే పండితుడు సినిమాకొచ్చినాడని పిల్లోళ్ళు నవ్వుతారని భయం. మ్యాట్నీకి పోయి, లైట్లార్పినాక, తెరమీద పేర్లన్నీ పడినాక తలమీద తువ్వాలేసుకొని దూరేవాణ్ణి. మీ అవ్వకు తెలుసులే. “ఏం సామీ, ఈపొద్దు ఏ పురాణం వినను పోతాండారు?” అని ఎత్తిపొడిచేది.

ఆ... ఏం చెబుతాంటిని? ఊఁ, మునిరత్నం. నా దగ్గర చదివినోడే. సైకిలు షాపు పెట్టుకోని, ఆ హీరో అభిమాన సంఘానికి ప్రెసిడెంటయినాడు. అప్పుడు కేబుల్ టీవీ కొత్త, అయినా మా ఊరి హాల్లో ఆ హీరో కొత్త బొమ్మ నూరు రోజులాడింది. హీరో స్వయంగా వస్తాడంట. “అయ్యోరూ, పద్యమొకటి సెప్పాల” అని పట్టుకున్నాడు. కుదరదంటిని. “పోనీలే సామీ, మా హీరో అంటే మీకు సులకన” అనేసి పాయ. ఎంత పొడుచుకున్నాదో! ఆ బొమ్మ నాలుగుసార్లు చూసినోణ్ణి, చెప్పుకోలేను గదా.

పట్టలేక సీస పద్యమొకటి రాస్తిని. పాదం పాదం ఆ గొంతు మీదే. జుబ్బా జేబులో పెట్టుకొని సభకు పోతిని. గురువుగారు క్షమించాల, చదివేద్దామనే అనుకుంటిని. హీరో లేసినాడు, మైకు పట్టినాడు. “అందరికీ వణక్కం. నాకు తెలుగు కొంజెం కొంజెం...” అన్నాడు అరవ యాసలో, సన్నటి గొంతుతో! పక్కనుండే మునిరత్నం చెయ్యి పట్టి లాగితిని.

“ఏమప్పా మునిరత్నం, ఈ గొంతు అది కాదే?”

“డబ్బింగు బొమ్మ కదా అయ్యోరూ! తెలుగు సెప్పేది వేరే ఆయన. మొదట్లోనే పేరు పడతాది. సూళ్ళేదా?” అని, ఆగి, కండ్లు పెద్దవి చేసినాడు. “అంటే మీరు బొమ్మ సూసినారే!”

ఊరంతటికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలీదు. యాడ తెలుస్తాది? పేర్లు పడినాక పోయేవాణ్ణి! పద్యం జేబులోనే ఉండిపాయ.

మర్నాడు అదే హాలుకు లైట్లుండగానే పోతిని. తువ్వాలు భుజం మీదే. “ఒరే, అయ్యోరు రా!” అని బీడీలు దాచుకున్నారు మా పిల్లోళ్ళు. రానీ, చూడనీ అని ముందర కూర్చుంటిని. చిన్న అక్షరాల్లో, మేకప్పు వాళ్ళ కింద, ఆ గొంతు చెప్పినాయన పేరు పడింది. చదివేలోగా పాయ. మళ్ళా సాయంత్రం ఆటకు పోయి ఎత్తి రాసుకుంటిని. పద్యంలో పేరొకటి మారిస్తే గణాలన్నీ చెదిరె, మూడు రోజులు కూర్చొని సరిచేసి మద్రాసుకు సినిమా కంపెనీ అడ్రసుకు పంపితిని.

మాట తప్పినానా? తప్పినాను. గురువుగారి పటం ముందర నిలబడి ఆ సంగతే చెప్పుకుంటిని. “హీరో కోసమైతే మీరు తిట్టొచ్చు స్వామీ, ఈయన్ను పొగిడేవాళ్ళు ఎవురూ లేరు” అంటిని.

నెల దాటినాక ఈ కార్డొచ్చె. నా కండ్లు ఆనవు, నువ్వే చదువు. ఊఁ... “అయ్యా, ఇన్నేండ్లూ వేరేవాళ్ళ పెదాలు చూసుకుంటా మాట్లాడినాను. మీ పద్యాన్ని ఎవరి పెదాలూ చూడకుండా మా అమ్మకు చదివి వినిపించినాను.”

చాలు తల్లీ, ఆడనే పెట్టు, ఆ పేజీలోనే. ఇప్పుడు టీవీలో పేర్లు మరీ ఉరుకుతాయి, నువ్వేమో రిమోటు నొక్కేస్తావు. ఒక్క నిమిషం ఆగి చదవమ్మా. చల్లగా ఉండు. నీ పేరు కూడా ఎవరో ఒకరు ఆగి చదవనీ...