పెట్టుబడి చీరలు

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక చీరల దుకాణం. అరవై దాటిన భార్యాభర్తల ముందు పద్దెనిమిది వందల నూలు చీర పరిచి ఉంది. ఆమె దాని అంచు వదలడం లేదు.

"ఇంట్ల కట్టుకునేటందుకు ఇంత పెడతరానే ఎవరన్నా? బీరువా నిండ చీరలే గద."

"అవన్ని పెట్టుబడి చీరలు. ఒకటి మా చెల్లె కల్పలత గృహప్రవేశంల పెట్టింది, ఇంకోటి మీ అక్క మనవడి తొట్టెల నాడు పెట్టింది. అండ్ల నేను కొనుక్కున్నది ఒక్కటి చూపియ్యుండ్రి."

"ఎవరు పెడితేంది? అవి చినిగినంక కొనుక్కో."

"అవి చినగయి, అంత పాలిస్టరే. పొయ్యి కాడ నిలవడితే ఒంటికి అతుక్కుంటున్నయి. మెడంత చెమట పొక్కులు."

"పౌడర్ తెచ్చిచ్చిన గద."

"నేను పౌడర్ అడిగిన్నా? మొన్న వాకింగ్ బూట్లకు మూడు వేలు పెట్టినప్పుడు నేనేమన్న అన్ననా?"

"అవి డాక్టర్ చెప్పిండు."

"నన్ను నూలు బట్టలు కట్టుమన్నది సుత ఆ డాక్టరే."

"సరే, తీస్కో. ఫంక్షన్లకన్న పనికొస్తది."

"ఫంక్షన్లకు కాదు. రేపు పొద్దుగాల ఇదే కట్టుకొని పప్పుల పోపేస్త."

"ఈ వయసుల ఇదేం షోకు? ఇంట్ల నిన్ను ఎవరు చూస్తరే?"

"మీరు రిటైరై నాలుగేండ్లాయె. పొద్దంత ఎక్కడుంటున్నరు మరి?"

ఆయన పరిచిన చీరను దగ్గరికి లాక్కున్నాడు. దాని కొంగు రెండు వేళ్లతో నలిపాడు.

"ఉతికితే రంగు పోతదేమో అడుగు."

"మీరే అడుగుండ్రి."